మాటకు పట్టిన పాచి

మన ఇళ్ళల్లో పాచి అనే మాటకు మర్యాద లేదు. పొద్దున్నే కడుక్కోని మొహం పాచి మొహం. పళ్ళు తోముకోకుండా కాఫీ అడిగితే పాచి నోరు. అంట్లు తోమి వాకిలి ఊడ్చే చాకిరీ పాచిపని. నిన్నటి కూర వాసన కొడితే పాచిపోయింది. నూతి గట్టు మీది పాచి మాత్రం తిట్టు కాదు, బెదిరింపు: అటు వెళ్ళకండర్రా, జారి పడతారు. ఇన్ని చీవాట్లు తిన్న మాటను పట్టుకొచ్చి, ఇది తినే పదార్థం అని ఒక పుస్తకమే రాసి, ముందుమాట కోసం నా బల్ల మీద పెట్టింది నా పాత విద్యార్థిని. ‘నాచు అని మర్యాదగా పిలవచ్చు కదమ్మా’ అన్నాను. ‘పేరు మార్చి పరిచయం చేస్తే జనం ఆ పేరునే కొనుక్కుంటారు మాస్టారూ, వస్తువును చూడరు’ అంది. ఆ ఒక్క జవాబుకే ముందుమాట రాయడానికి ఒప్పుకున్నాను.

ఈ అమ్మాయి ముప్పయ్యేళ్ళ కిందట నా దగ్గర బి.ఎస్సీ. వృక్షశాస్త్రం చదివింది. తర్వాత పోషకాహారం వైపు వెళ్ళి, ఇప్పుడు ఏమి తినాలో, ఎంత తినాలో రోగులకు చెప్పే ఉద్యోగంలో ఉంది. నాకు బాగా గుర్తున్నది మాత్రం ఆమె మార్కులు కాదు, భీమిలి బండల మీద ఒక ఉదయం. మాఘమాసంలో పున్నమినాటి పాటు చూసుకుని పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళేవాణ్ణి. నీళ్ళు వెనక్కి తగ్గితే బండల మీద సముద్రం తన తోటను చూపిస్తుంది. విసనకర్రల్లాంటి పడైనా, మిరియపు గింజలంత గాలితిత్తులు కట్టుకున్న సర్గాసం, ఎర్రటి కొమ్మల గ్రాసిలేరియా, అన్నిటికన్నా పైన లేత ఆకుపచ్చ పలక లాంటి ఉల్వా. ‘ఈ ఆకు మందం రెండే రెండు కణాలు, చేతికి తీసుకుని వెలుతురుకు ఎత్తి చూడండి’ అని నేను పాఠం చెబుతుండగా వెనక నుంచి కరకర శబ్దం. ఈ పిల్ల నమూనాను నోట్లో వేసుకుంది. ‘ఉప్పగా ఉంది మాస్టారూ, కానీ బాగుంది!’

కేకలేశాను. అది ఫార్మలిన్ సీసాలోకి వెళ్ళవలసిన నమూనా, ఉప్మాలోకి కాదు అన్నాను. క్లాసంతా నవ్వింది. ముప్పయి అయిదేళ్ళు ఆ మొక్కల్ని కాగితాల మీద అతికించి, లాటిన్ పేర్లు రాసి, బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వృక్షశాస్త్ర శాఖవారు ఈ తీరపు నాచుల మీద 1960ల నాటికే చక్కటి పరిశోధనలు చేశారు, వాటిని నేనూ చదివాను, పాఠంగానూ చెప్పాను. ఒక్కనాడైనా నాలుక మీద పెట్టుకోలేదు. ఆవిడ ఆ రోజు కొరికిన ముక్కే ఈ పుస్తకానికి మొదటి పేజీ అని నా అనుమానం.

మన తీరంలో నాచు వండిన ఇల్లు నేను చూడలేదు. అయితే మన మాటే కాస్త దక్షిణానికి వెళ్ళేసరికి గంజి అయింది. తమిళంలో ‘పాసి’, మన ‘పాచి’ ఒక్క కడుపు బిడ్డలు. రామనాథపురం తీరంలో గ్రాసిలేరియా ఎడ్యులిస్ అనే ఎర్రనాచును ‘కంజిపాసి’ అంటారు, గంజి కాచుకునే పాచి అని. పాంబన్, రామేశ్వరం చుట్టుపక్కల మత్స్యకార స్త్రీలు కళ్ళకు అద్దాలు పెట్టుకుని, వేళ్ళకు గుడ్డ పేలికలు చుట్టుకుని, పాదాలకు రేకు పలకలు కట్టుకుని పగడపు దిబ్బల మధ్య మునిగి నాచు కోస్తారు. నెలకు ఇన్ని రోజులే కోయాలని, మిగతా రోజులు సముద్రాన్ని వదిలేయాలని వాళ్ళే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. వాళ్ళు తెచ్చినదాన్ని ఎక్కువగా అగర్, ఆల్జినేట్ తీసే కర్మాగారాలు కొంటాయి. అలా మనం ఐస్‌క్రీములో, జెల్లీలో, మాత్రల పూతలో ఎన్నో ఏళ్ళుగా పాచి తింటూనే ఉన్నాం. ఎవరూ చెప్పకపోబట్టి సరిపోయింది.

రంజాను నెలలో హైదరాబాదు వంటిళ్ళలో పాలు విరగకుండా గట్టిపడేలా కలిపే చైనా గ్రాస్ కూడా ఎర్రనాచే. దీని గురించి రచయిత్రి రాసిన అధ్యాయంతో నాకు తనివి తీరలేదు. అగర్ వేడి నీళ్ళలో కరిగి, దాదాపు 40 డిగ్రీలకు దిగాక పేరుకుంటుంది. ఒకసారి పేరుకున్నాక మాత్రం 85 డిగ్రీల దాకా కరగదు. మన మే నెల ఎండకు దీని ముందు పరువు లేదు. ఈ గుణాన్ని సూక్ష్మజీవ శాస్త్రానికి అందించింది ఒక ఇల్లాలు. 1881 ప్రాంతంలో బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ ప్రయోగశాలలో వాల్టర్ హెస్సే జిలాటిన్ మీద సూక్ష్మజీవుల్ని పెంచుతుంటే, వేసవి వేడికి జిలాటిన్ నీరు కారిపోయేది. మీ పుడ్డింగులు ఎండకు ఎందుకు కరగవని భార్య ఫానీని అడిగాడు. జావాలో ఉండి వచ్చిన ఒక పరిచయస్తురాలి దగ్గర నేర్చుకున్న అగర్ సంగతి ఆవిడ చెప్పింది. ఈ రోజుకీ ప్రతి ఆసుపత్రి ల్యాబులో గాజు పళ్ళెం అడుగున ఉన్నది ఆవిడ పుడ్డింగే. నేను సర్వీసంతా అగర్ పళ్ళాలు పోశాను. వంటింటి నుంచి ప్రయోగశాలకు వచ్చిందని తెలిసీ, తిరిగి వంటింటికి పంపాలని తోచలేదు.

ఇక స్పిరులినా. ఇప్పుడు ఊరూరా పేరు తెలిసిన పాచి ఇదొక్కటే. దీన్ని మొక్క అని రాసినందుకు రాతప్రతి మీద ఎర్రసిరాతో గీత పెట్టాను. అది మొక్క కాదు, శైవలం కూడా సరిగా కాదు. సూర్యరశ్మితో బతికే బాక్టీరియా. నీలాకుపచ్చ నాచు అన్నది పాతకాలం పేరు. రచయిత్రి ఒప్పుకుని దిద్దింది కానీ, పుస్తకమంతా ‘నాచు’ అనే వాడింది. పాఠకుడికి అడుగడుగునా వర్గీకరణ పాఠం చెప్పలేనంది. సరే, టమాటాను పండు అనకుండా కూరగాయ అంటూ మనం చచ్చిపోలేదు కదా.

స్పిరులినా చరిత్ర చెప్పిన అధ్యాయం ఈ పుస్తకంలో కెల్లా అందమైనది. ఆఫ్రికాలో చాద్ సరస్సు పక్కన కానెం ప్రాంతపు స్త్రీలు చౌడు నీటి మడుగుల మీద తేలిన పచ్చటి మీగడను బుట్టలతో తోడి, ఇసుక మీద పోసి నీరు ఇంకనిచ్చి, ఎండబెట్టి పలకలుగా కోసి సంతలో అమ్ముతారు. దాని పేరు దిహే. సజ్జ సంకటి లోకి చేసుకునే పులుసులో అదే చిక్కదనం, అదే రుచి. మగవాళ్ళు ఆ నీళ్ళలో దిగితే మడుగు గొడ్డుపోతుందని వాళ్ళ నమ్మకమట. డాంజార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1940లో దీని గురించి రాసినా ఎవరూ పట్టించుకోలేదు. 1964-65లో సహారా దాటిన బెల్జియం యాత్రలో జాఁ లెయొనార్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు సంతలో ఆ పలకలు చూసి, తీసుకెళ్ళి పరీక్షించాకే ప్రపంచం మేల్కొంది.

అంతకు నాలుగు శతాబ్దాల ముందే మెక్సికో నగరంలో అజ్‌టెక్కులు టెష్కోకో సరస్సు నుంచి ఇలాంటిదాన్నే వలలతో తోడి తినేవారని అక్కడికి వెళ్ళిన స్పానిష్‌వాళ్ళు రాసిపెట్టారు. సంతలో అమ్మే ఆ బిళ్ళలు జున్నులాంటి రుచితో ఉండేవని వాళ్ళలో ఒక సైనికుడి మాట. అజ్‌టెక్కులు పెట్టుకున్న పేరు తెక్విత్లాత్ల్. అక్షరార్థం తీస్తే రాతి మలం! మన ‘పాచి’ కన్నా హీనమైన పేరు. అయినా వాళ్ళు పేరు చూసి మొహం తిప్పుకోలేదు, పేరు మార్చనూ లేదు. రచయిత్రి నాకిచ్చిన జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో ఈ అధ్యాయం చదివాక అర్థమైంది. మన కాళిదాసు సంగతీ ఇక్కడ చెప్పాలి. నారచీర కట్టినా శకుంతల అందం తగ్గలేదనడానికి ఆయన తెచ్చిన పోలిక, శైవలం చుట్టుకున్నా అందం చెడని తామర. అంటే మహాకవి దగ్గర కూడా పాచి ఒక లోపమే. తామరకే క్షమాపణ.

మన దేశంలో స్పిరులినాను పల్లెలకు తీసుకెళ్ళాలని గట్టిగా అనుకున్నవారు సి.వి. శేషాద్రి. మద్రాసులోని మురుగప్ప చెట్టియార్ పరిశోధన కేంద్రంలో ఆయన, ఆయన సహచరులు ఖరీదైన యంత్రాల జోలికి పోకుండా, మెడ దాకా నేలలో పాతిన మట్టి కుండల్లో దీన్ని పెంచే పద్ధతి చూపించారు. చేత్తో రోజుకు కొన్నిసార్లు కలపాలి, గుడ్డతో వడగట్టాలి, ఎండబెట్టాలి. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సి.ఎఫ్.టి.ఆర్.ఐ.) వాళ్ళు వేరుశెనగ చిక్కీలో కలిపి చూశారు. ఇప్పటి తోటల్లో సిమెంటు తొట్ల నిండా సోడా కలిపిన నీళ్ళు, వాటిని తోసే తెడ్ల చక్రం. నీటి క్షారత ఎంత ఎక్కువంటే వేరే పురుగూ పుట్రా చాలా మటుకు అందులో బతకలేవు, స్పిరులినాకు మాత్రం అదే సుఖం. మంచి ఎండ ఉంటే చదరపు మీటరుకు రోజుకు ఎనిమిది, పది గ్రాముల ఎండు సరుకు వస్తుంది. వడగట్టిన ముద్దను కారప్పూస గొట్టంలో పెట్టి సన్నగా పిండి ఎండబెడతారు. ఆ పచ్చటి కారప్పూస ఆరుతున్న దృశ్యం రచయిత్రి వర్ణించిన చోట నాకు మా అమ్మ మేడ మీద పెట్టిన గుమ్మడి వడియాలు గుర్తొచ్చాయి. పచ్చి ముద్దకు పెద్ద వాసన ఉండదట. చేపల చెరువు వాసన అంతా ఎండాక వచ్చేదే.

ఈ పుస్తకంలో నేను రెండుసార్లు చదివిన అధ్యాయం లెక్కల అధ్యాయం. డబ్బా మీద ‘60 శాతం మాంసకృత్తులు’ అని ఉంటుంది. అబద్ధం కాదు. ఎండు స్పిరులినాలో 55 నుంచి 70 శాతం దాకా మాంసకృత్తులే. మాత్ర ఒక్కోటి అరగ్రాము, రోజుకు ఆరు మింగితే మూడు గ్రాములు, అందులో మాంసకృత్తులు రెండు గ్రాములకు లోపే. మరి కందిపప్పులో శాతం 22 చిల్లరే కదా, అయితే పప్పు మాత్రలుగా మింగం. ఒక మనిషికి ముప్పయి గ్రాముల పప్పు వేసి వండితే ఆరు గ్రాముల పైచిలుకు మాంసకృత్తులు పళ్ళెంలోకి వస్తాయి. ఒక గుడ్డు అంతే ఇస్తుంది. పప్పుతో సమానం కావాలంటే స్పిరులినా మాత్రలు రోజుకు ఇరవై పైన మింగాలి. శాతం చూపించి మోసం చెయ్యడం ఎంత తేలికో ఈ నాలుగు వాక్యాల్లో చెప్పింది. నేను పాఠ్యపుస్తకాలు రాసిన రోజుల్లో ఇంత సూటిగా రాయలేకపోయాను.

అలాగని కొట్టిపారెయ్యలేదు. ఇనుము, కెరోటిన్ ఇందులో బాగా ఉన్నాయి. ముఖ్యంగా ఆకుకూర చాలని చోట, కెరోటిన్ విషయంలో చిటికెడు కూడా లెక్కకొస్తుంది. కానీ దీన్ని ఆకుకూర పక్కన కూర్చోబెట్టాలి, మందుల అల్మారాలో కాదు. పుస్తకం మొత్తం నిలబడ్డది ఈ మాట మీదే. ఆకుకూర అంటే ఏమిటి? రుచి చూసి తింటాం, ఎక్కడ పెరిగిందో అడుగుతాం, మురిక్కాలవ పక్కనిదైతే వదిలేస్తాం, రోజూ ఒకటే తినం. మందు అంటే నోరు మూసుకుని మింగుతాం.

నేను మింగాను. ఆ సంగతి రాయకపోతే ఈ ముందుమాటకు నిజాయితీ ఉండదు. కొన్నేళ్ళ కిందట తెలిసినవాడే ఒకడు పచ్చ మాత్రల డబ్బాలు ఇంటింటికీ తిప్పుతూ మా ఇంటికి వచ్చాడు. ‘మీరు శాకాహారులు కదా మాస్టారూ, బీ12 ఇంజెక్షన్లు మానేయొచ్చు, ఇందులోనే ఉంది’ అన్నాడు. డబ్బా మీదా అలాగే రాసి ఉంది. వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి, నీలాకుపచ్చ నాచు గురించి నాకెవరు చెప్పాలి అన్న ధీమా నాది. ఇంజెక్షన్లు మానేశాను. ఏడాది తిరిగేసరికి అరికాళ్ళలో తిమ్మిర్లు, మెట్లు దిగుతుంటే తూలు. పరీక్ష చేస్తే బీ12 అడుగంటింది. స్పిరులినాలో ఉన్నది చాలా మటుకు నకిలీ బీ12. రూపం దాదాపు అదే, మన ఒంటికి పనికిరాదు. జపాన్‌లో వతనబె బృందం 1999లోనే మాత్రల్ని పరీక్షించి ఈ సంగతి ప్రకటించింది. కొన్ని పాత పరీక్షలు నకిలీని కూడా అసలు కిందే లెక్కేస్తాయి కాబట్టి డబ్బా మీద అంకె బ్రహ్మాండంగా కనిపిస్తుంది. రాతప్రతిలో ఆ పేజీ పక్కన రచయిత్రి పెన్సిలుతో చిన్నగా రాసింది: ‘మాస్టారికి ముందే చెప్పాల్సింది.’ ఆ మాట అచ్చులో ఉంచమన్నాను. ఉంచలేదు.

జాగ్రత్తలు చెప్పేటప్పుడు ఈ అమ్మాయి మొహమాటపడలేదు. జపాన్ వాళ్ళు చారుకు వాడే కొంబు అనే నాచులో కొన్ని రకాల్లో గ్రాముకు 1500 మైక్రోగ్రాములకు మించి అయోడిన్ ఉంటుంది. పెద్దవాళ్ళకు రోజుకు కావలసింది 150. మనం అప్పటికే అయోడిన్ ఉప్పు తింటున్నాం. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు వైద్యుణ్ణి అడక్కుండా కొంబు జోలికి పోవద్దని ఖచ్చితంగా రాసింది. అయోడిన్ మూలకాన్ని లోకానికి పరిచయం చేసిందే సముద్రపు నాచు బూడిద. 1811లో ఫ్రాన్సులో కూర్త్వా అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆ బూడిదతో పని చేస్తుండగా ఊదా రంగు ఆవిరి లేచింది. అయోడిన్ ఇచ్చేటప్పుడు నాచుకు కొలత తెలియదు మరి. హిజికి అనే నల్లనాచులో విషపూరితమైన ఆర్సెనిక్ ఎక్కువని బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2004లో తినొద్దనే చెప్పింది. నాచులు నీటిలో ఉన్న సీసాన్నీ కాడ్మియాన్నీ కూడా పీల్చుకుంటాయి కాబట్టి ఓడరేవు పక్క, కాలవలు కలిసే చోట కోసినది ముట్టవద్దంది. పుస్తకం చదివి ఉత్సాహంతో విశాఖ బీచికి సంచి పట్టుకెళ్ళే పాఠకుడు ఒకడైనా ఉంటాడని నేనే ఆ పేరా పెంచమన్నాను. కుంటల్లో, చెరువుల్లో తేలే నీలాకుపచ్చ తెట్టు స్పిరులినా కాదు, వాటిలో కొన్ని కాలేయాన్ని పాడుచేసే విషాలు విడుదల చేస్తాయన్న హెచ్చరికా ఉంది.

నోరి అనే నాచు గురించిన అధ్యాయం పొడుగెక్కువైందని నా అభిప్రాయం. హైదరాబాదు హోటళ్ళలో అన్నం చుట్టిన నల్లకాగితం కోసం అన్ని పేజీలా అన్నాను. కానీ కాథ్లీన్ డ్రూ కథ చదివాక వాదన మానేశాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తుపానులకు జపాన్ నోరి పంట నాశనమైంది. విత్తనం ఎక్కడి నుంచి వస్తుందో తెలియక రైతులు చేతులు కట్టుకుని కూర్చున్న రోజులవి. ఇంగ్లండులో మాంచెస్టర్‌లో ఉన్న ఈవిడ, తన తీరంలో దొరికే నోరి చుట్టానికి గుల్లల లోపల దాక్కుని గులాబిరంగు దారంలా బతికే ఒక దశ ఉందని 1949లో నేచర్ పత్రికలో రాసింది. అంతవరకూ ఆ దారాన్ని వేరే జాతి అనుకున్నారు. జపాన్ వాళ్ళు దాన్ని పట్టుకుని ఆల్చిప్పల్లో విత్తనం పెంచడం నేర్చుకున్నారు. ఆవిడ జపాన్ చూడలేదు, 1957లో పోయింది. 1963లో కుమమొతొ ప్రాంతంలో ఊతొ అనే ఊళ్ళో ఆవిడకు స్మారకం కట్టారు. ప్రతి ఏప్రిల్ 14న నోరి రైతులు అక్కడ చేరి మొక్కుతారు. ఒక బోటనీ ఆవిడకు రైతులు మొక్కడం మా వృత్తిలో చాలా అరుదు.

చేపనూనె అధ్యాయం శాకాహారులు తప్పక చదవాలి. ఒమేగా-3లో గుండెకూ మెదడుకూ మంచిదని చెప్పే డీహెచ్ఏను చేప తనంతట తాను పెద్దగా తయారుచేసుకోదు. సముద్రంలో కంటికి కనపడని నాచు తయారుచేస్తే, దాన్ని చిన్నది తిని, చిన్నదాన్ని పెద్దది తిని చేపలోకి వస్తుంది. అందుకే ఇప్పుడు తొట్లలో ఆ సూక్ష్మజీవుల్ని పెంచి నేరుగా నూనె తీస్తున్నారు. ఖరీదు మాత్రం ఇంకా దిగలేదు. క్లోరెల్లా అనే నాచుకు మూడు పేజీలే ఇచ్చింది. దాని కణం గోడ బిరుసు, పగలగొడితే గాని అరగదు. ఆ మూడూ చాలు.

వంటల భాగం గురించి నేను చెప్పడం న్యాయం కాదు. నాకు వంట రాదు. మా ఆవిడా మనవరాలూ కలిసి ఆరు వంటలు చేసి చూశారు. పెసరట్టు పిండిలో పావు చెంచా స్పిరులినా వేస్తే రంగు ఎవరికీ తెలియలేదు. అల్లం పచ్చిమిర్చి ఆ వాసనను కప్పేశాయి. అదే మజ్జిగలో కలిపితే మాత్రం ఇంటిల్లిపాదీ గ్లాసులు పక్కన పెట్టారు. కొబ్బరినీళ్ళలో చైనా గ్రాస్ వేసి, తాటిముంజల ముక్కలు పేర్చి చేసినది ఫ్రిజ్ లేకుండా మధ్యాహ్నం దాకా కదలలేదు. ఫానీ హెస్సేకు దండం పెట్టుకుని రెండోసారి వడ్డించుకున్నాను. గుజరాత్ నుంచి తెప్పించిన ఎండు ఉల్వా వేయించి, నువ్వులూ ఎండుమిరపకాయలూ కరివేపాకూ వేసి కొట్టిన పొడి వేడి అన్నంలో నెయ్యితో తిన్నాను. భీమిలి బండల మీద ముప్పయ్యేళ్ళ కిందట నేను ఎవరి మీద కేకలేశానో, ఆవిడ పుస్తకంలో 143వ పేజీ అది.

ఒక్క ఫిర్యాదు. ఆ పొడికి చెంచాడు ఉప్పు వెయ్యమంది. నాచు సముద్రంలో నుంచి ఉప్పు మోసుకునే వస్తుంది, అది చాలదన్నట్టు మళ్ళీ చెంచాడా? సగానికి తగ్గించమని ప్రూఫుల్లో రాసి పంపాను. ‘మీ బీపీ మాస్టారూ, నా పాఠకులది కాదు’ అని జవాబొచ్చింది. మా ఇంట్లో సగమే వేస్తున్నాం.